సీసాలో అమ్మే గాలి

ఆ వాసన తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత. పులిసిన పండు మీద ఫినాయిలు చల్లినట్టు ఉంటుంది. నా వయసంతా పత్తి చేనులో గడిచింది, మందుల కంపు నాకు కొత్త కాదు. కానీ ఆ కంపు చేనులో ఉండేది, సాయంత్రం స్నానం చేస్తే సగం పోయేది. ఇది మాత్రం మా ఇంట్లో, హాలులో, నా భార్య కూర్చునే కుర్చీ పక్కన, పొద్దున చాయ్ కంటే ముందు లేచేది.

నా భార్యకు దమ్ము వ్యాధి. ఊపిరి లోపలికి పోతుంది, బయటికి రావడానికి మాత్రం బతిమాలించుకుంటుంది. వానాకాలంలో ఆమె దగ్గర కూర్చుంటే ఛాతీలోంచి పిల్లికూతలు వినబడతాయి. పెండ్లయిన కొత్తలో నుంచి వింటున్న చప్పుడు అది. అది కొంచెం మారినా నాకు తెలిసిపోతుంది. నేను ఇక్కడ రాస్తున్నది ఆ ఊపిరి గురించే. చేపల తొట్టి మధ్యలో వచ్చింది.

మేము బచ్చన్నపేట దిక్కు వాళ్లం. మోకాళ్లు మొరాయించినాక చేను కౌలుకిచ్చి జనగామలో కొడుకు దగ్గరికి వచ్చాం. కొడుకు అంతకు ముందు భూపాలపల్లిలో ఉద్యోగం చేసేవాడు. అక్కడ క్వార్టర్లలో పక్కింటాయన దగ్గర ఈ పిచ్చి అంటించుకుని వచ్చాడు. అద్దాల తొట్టిలో నీళ్లు పోసి, నీళ్ల కింద మొక్కలు పెంచడం. చేపలు పేరుకే. అసలు మోజంతా ఆకుల మీద. ఆ తొట్టికి నల్లమట్టి సంచిలో కొనుక్కొచ్చాడు. నల్లరేగడిలో పుట్టి పెరిగినవాడు మట్టి కొన్నాడు! ఎండిన మొద్దు ఒకటి కొన్నాడు. అట్లాంటి మొద్దులు మా చేను గట్టు మీద దొరికితే పొయ్యిలో పెట్టేవాళ్లం.

"బిడ్డా, నీళ్లు గూడ కొన్నవా ఏంది?" అన్నాను.

"కొన్నం బాపు. బోరు నీళ్లు ఉప్పున్నయని ఫిల్టర్ నీళ్లు తెప్పిచ్చిన," అన్నాడు. నేను వెక్కిరించానని కూడా వాడికి అర్థం కాలేదు.

ఆ తొట్టిలోకి కొర్రమట్ట చేపపిల్ల వచ్చింది నా భార్య వల్ల. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో దమ్ము ఉన్నవాళ్లకు చేప మందు వేస్తారు. వేలెడంత కొర్రమట్ట పిల్ల నోట్లో పసుపు పచ్చని మందు ముద్ద పెట్టి, బతికున్నదాన్ని బతికున్నట్టే గొంతులోకి జారవిడుస్తారు. పోయిన మృగశిరకు ఆమెను తీసుకుని పోయాను. చేతిలోంచి జారితే ఆ జనంలో మళ్లీ వరుసలో నిలబడలేమని చేపపిల్లలు రెండు కొన్నాం. ఒకటి గొంతు దిగింది. రెండోది నీళ్ల కవరులో మిగిలింది. పారేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. బస్సులో ఆ కవరును ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"దీని తోడబుట్టింది నా కడుపుల ఉన్నది. దీన్ని మోరీల ఏస్తవా? సిగ్గుండాలె," అంది.

"మరేం జేస్తవే? సాదుతవా?"

"సాదుత. నీ అసుంటోన్నే సాదలేదా ఇన్నేండ్లు?"

ముందు సీటులో ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు.

చేప మందుతో దమ్ము తగ్గిందా అంటే నేను చెప్పలేను. డాక్టరు ఇచ్చిన పీల్చే పంపు మాత్రం మానలేదు. కానీ ఆ రెండో చేప బతికున్నంత కాలం తన ఊపిరికి ఢోకా లేదని ఆమె మనసులో పెట్టుకుంది. కొర్రమట్టకు నీళ్లలో ఉన్న గాలి చాలదు. కాసేపటికోసారి పైకి వచ్చి ఒక గుటక గాలి తాగి మళ్లీ కిందికి పోతుంది. అది పైకి వచ్చినప్పుడల్లా ఈమె కూడా నిండుగా ఊపిరి తీసేది. "సూడు, దానికి గూడ నా లెక్కనే దమ్మున్నది," అనేది.

కొడుకు తొట్టిలో రంగు తోకల గప్పీ చేపలు ఉండేవి. కొర్రమట్ట వచ్చినాక అవి ఒకటొకటిగా మాయమయ్యాయి. వాడు మోకాళ్ల మీద కూర్చుని మొద్దు వెనక, ఆకుల చాటున వెతికాడు.

"అవ్వా, నీ చేప నా చేపలను తిన్నది," అన్నాడు వాళ్లమ్మతో.

"మరి నువ్వు దానికి బువ్వ పెట్టినవా?"

కోడలు వంటింట్లోంచి, "ఇంట్ల మనుషులకు పెట్టనోడు చేపలకేం పెడ్తడు అత్తమ్మా," అంది. ఆ తర్వాత వాడు చేపల ఊసు వదిలి మొక్కల మీదే పడ్డాడు. నా భార్య కూడా ఒక మొక్క తెచ్చింది. పెద్దవంగర పక్కన తన తల్లిగారి ఊరికి పోయినప్పుడు చెరువులోంచి తీసి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వచ్చింది. రిబ్బన్ లాంటి పొడుగు ఆకుల నాచు అది. ఒక మూలన నాటితే వానలు ముదిరేసరికి తొట్టిలో సగం అదే అయింది. కొర్రమట్ట దాంట్లోనే ఉండేది.

అప్పుడే అద్దానికి పాచి పట్టడం మొదలైంది. అద్దానికి పచ్చగా, మొద్దుకు వెంట్రుకల్లా నల్లగా. నీళ్లు ఉన్నచోట పాచి పడుతుంది, చెరువు గట్టున బతికినవాడికి అది చెప్పనక్కర లేదు. మా కొడుక్కి అది అవమానం. భూపాలపల్లి దోస్తుకు ఫోటో పంపితే నవ్వాడట. ఒక రోజు దుకాణం నుంచి సీసా తెచ్చాడు. పేరు లిక్విడ్ కార్బన్.

"మొక్కలకు కార్బన్ కావాలె బాపు. బయట గాలిల మస్తుగ ఉంటది, నీళ్లల్ల తక్కువ. పైసలున్నోళ్లు సిలిండర్ పెట్టి గ్యాసు బుడగలు ఇడుస్తరు. మనకు గది ఎందుకు? గిది సీసాల వస్తది. రోజు పొద్దుగాల జరంత పోస్తె ఆకు నిగనిగలాడ్తది. పాచి గూడ సస్తది."

"మొక్కకు తిండి అయితే పాచి ఎందుకు సస్తదిరా? పాచి పచ్చగ లేదా? అదిగూడ మొక్కనే గదా?"

"షాపాయన చెప్పిండు," అన్నాడు.

సీసా మీద అంతా ఇంగ్లీషు. తెలుగు అక్షరాలే నాకు నలభై దాటినాక వచ్చాయి, మా ఊరి బడి వరండాలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి చెప్పినప్పుడు. ఇంగ్లీషు రానే లేదు. అక్షరాలు రాక ముందు నేను చదివింది ఒకటే, పురుగు మందు డబ్బా మీద ఉండే రంగు త్రికోణం. ఎరుపు ఉంటే పిల్లలకు అందకుండా ఎత్తులో పెట్టాలి, మూత తీసిన చేతితో బీడీ ముట్టించకూడదు. పసుపైతే ఎరుపు తర్వాత. నీలం, ఆకుపచ్చ అంటే పర్వాలేదనుకునేవాళ్లం. పత్తి పండించే ఇంట్లో ముసలివాళ్ల నుంచి పిల్లల దాకా ఆ రంగులు తెలియనివాళ్లు ఉండరు. సీసా చేతికి రాగానే నేను అలవాటుగా తిప్పి చూశాను.

కొడుకు నవ్వాడు. "ఏం దేవులాడుతున్నవ్ బాపు, త్రికోణమా? ఉండదు. ఇది పురుగు మందు గాదు, టానిక్కు. ఆకు బొమ్మ కనవడ్తలేదా?"

కనబడింది. నీటి బొట్టు, దాని పక్కన లేత ఆకు. త్రికోణం లేని సీసా మీద మా దిక్కు మనిషికి అనుమానం రాదు. వాడికీ రాలేదు. నేను మూత తీసి వాసన చూసి, ముక్కు పట్టుకుని, మళ్లీ వాడి చేతిలోనే పెట్టాను.

సీసాతో పాటు కొలత గీతలున్న సిరంజి ఇచ్చారు. రెండు రోజులు దాంతో పోశాడు. తర్వాత అది ఎక్కడ పోయిందో, మూతతో పోయడం మొదలుపెట్టాడు. మా చేలల్లో అంతా మూత లెక్కే. మందు కొట్టే పంపుకు ఒక మూత అని రాసి ఉంటే ఒకటిన్నర పోస్తాం, పురుగు కనబడితే రెండు. పక్క చేనువాడు రెండు పోశాడని వింటే మనం ఇంకొంచెం ఒలకబోస్తాం. ఆ బుద్ధి పట్నానికి వచ్చి, చదువుకుని, ప్యాంటు ఇస్త్రీ చేసుకున్నా పోలేదు. పొద్దున స్నానం చేసి, దేవుడికి అగరుబత్తి ముట్టించి, తొట్టి మూత తీసి ఆ కంపు పోసేవాడు. రెండు వాసనలూ కలిసి హాలంతా తిరిగేవి. గడప బయట కూర్చుని చాయ్ తాగేవాణ్ని.

మొదట పెద్దవంగర నాచు పోయింది. ఉడికిన తోటకూర లాగా మెత్తబడి, ముక్కలు ముక్కలుగా తేలింది. దుకాణంలో కొన్న మొక్కలు మాత్రం నిలబడ్డాయి.

"అది అడివి నాచు అవ్వా. మందుకు తట్టుకునే శక్తి లేదు దానికి," అన్నాడు.

"ఎండకాలం చెరువు ఎండితె బురదల బతుకుతది గా నాచు. దానికి శక్తి లేదా? నీ సీసకు ఎంత శక్తి ఉన్నదో సూస్కో ఫస్టు," అంది. అంటూ దగ్గింది.

ఆ దగ్గును మేమందరం విన్నాం. పొద్దున పూట మొదలై, ఎండ ఎక్కేసరికి సద్దుమణిగేది. ఒకసారి గోడ చెమ్మ అన్నారు. ఒకసారి కొత్త దుప్పటి అన్నారు. ఇంతలో బతుకమ్మ రోజులు వచ్చాయి. నా భార్యకు బతుకమ్మ పేర్చడమంటే ప్రాణం. తంగేడు, గునుగు కట్టలు కుర్చీ పక్కన పోసుకుని, తొట్టి ముందు కూర్చుని, గునుగు కొనలు కత్తిరించేది. దగ్గు ఎక్కువైంది. కోడలు భయపడింది. మంచిపిల్ల, భయంతోనే అంది.

"అత్తమ్మా, గునుగు పొట్టుకే నీకు దమ్ము లేస్తున్నది. ఇటియ్యి, నేను పేరుస్త. నువ్వు సూసుకుంట చెప్పు."

పళ్లెం తీసుకుపోయింది. నా భార్య చేతులు కాసేపు అట్లాగే గాలిలో ఉన్నాయి.

"పుట్టినప్పటి సంది ముడుతున్న పూలు. ఇయ్యాల నాకు పగోళ్లయినయా?" అంది. ఆ కంపు సీసా అప్పుడు తొట్టి కింద అరలోనే ఉంది, ఆమె మోకాలికి తగిలేంత దగ్గరలో. పూలను తిట్టిన నోళ్లు దాన్ని ఒక్క మాట అనలేదు. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు ఎక్కువ అసహ్యం వేస్తుంది.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు. దసరాకు ఆఫీసువాళ్లను భోజనానికి పిలిచాడు మా వాడు. హాలులోకి రాగానే కనబడేది తొట్టి. అద్దానికి పాచి ఇంకా కొంచెం ఉంది, మొద్దు మీద నల్ల వెంట్రుకలు అట్లాగే ఉన్నాయి. నేను బంతిపూలకు అంగడికి పోయాను. వాడు బకెట్లతో సగం నీళ్లు తోడి, పాచి పట్టిన మొద్దు, అద్దం నీళ్ల పైకి తేలేట్టు చేశాడు. తర్వాత కోడలు పూలకుండీలకు నీళ్లు చల్లే చిన్న పంపు తీసుకుని, దాన్నిండా ఆ సీసా మందు నింపి, నీళ్లయినా కలపకుండా, పాచి మీద కొట్టాడు. పత్తి మీద తెల్లదోమ కనబడితే కొట్టినట్టే, ఆకు కింద, ఆకు మీద, తడిసేదాకా. దుమ్ము రాకుండా కిటికీలు మూసి, ఫ్యాను పెట్టుకున్నాడు. వాళ్లమ్మ ఎప్పటిలాగే కుర్చీలో ఉంది. చేప మీద పడకుండా కొట్టమని చెబుతూ ఉందట.

నేను తలుపు తీయగానే కంపు మొహం మీద కొట్టింది. కండ్లలో నీళ్లు తిరిగాయి. నా భార్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి ముందుకు వంగి ఉంది. కోడలు పీల్చే పంపు ఆమె నోట్లో పెట్టి వత్తుతోంది. కొడుకు వీపు రాస్తున్నాడు.

"జర తగ్గినట్టున్నది బాపు. పిల్లికూతలు ఆగినయి," అన్నాడు.

నిజమే, ఆగిపోయాయి. ఏమీ వినబడలేదు. ఆ ఛాతీలో నేను ఎన్నడూ అంత నిశ్శబ్దం వినలేదు. గాలి పోతుంటేనే కూత. కూత లేదంటే గాలి కదలడం లేదు.

"తగ్గుడు గాదురా! దమ్మే ఆడుతలేదు. ఆటో పిలువు!" అని అరిచాను. పూల సంచి గడపలోనే పడేశాను.

దవాఖానలో మూతికి మాస్కు పెట్టి మందు పొగ పట్టారు, సూది ఇచ్చారు. చాలాసేపటికి సన్నగా, తెగిపోయిన దారం లాగా ఒక కూత వినబడింది. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. నా జన్మలో ఆ చప్పుడుకు అంత సంతోషపడలేదు.

"ఇంట్ల ఏం జరిగింది?" అని డాక్టరు అడిగాడు. కోడలు పూల సంగతి చెప్పింది. గునుగు పొట్టు, తంగేడు పుప్పొడి. డాక్టరు తలూపి రాసుకుంటున్నాడు. నా భార్య మాస్కు పక్కకు జరిపి, పక్క గది దిక్కు వేలు చూపించింది.

"గదే... గదే వాసన."

పక్క గదిలో నర్సు మూత ఉన్న ట్రే తెరిచి, కత్తెర్లు బయటికి తీస్తోంది. ఆ గాలి మాకూ తగిలింది. పులిసిన పండు, ఫినాయిలు.

"ఏం లేదు పెద్దమ్మా, సామాన్లు ముంచే మందు. క్రిములు సచ్చేటందుకు. ఘాటుంటది, మూత పెడ్తున్న," అంది నర్సు.

కొడుకు బయటికి పోయాడు. బండి మీద ఇంటికి పోయి సీసా తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టాడు. డాక్టరు కండ్లద్దాలు పైకి జరిపి, వెనక వైపు చీమతలల్లాంటి అక్షరాలు చదివాడు.

"నర్సు ట్రేల, ఈ సీసల ఉన్న మందు ఒకటే. అది ఎక్కువ, ఇది తక్కువ, అంతే తేడా. దీన్ని ఇంట్ల ఏం చేసినవ్?"

"స్ప్రే కొట్టిన సార్."

"మనుషులున్న గదిలనా?"

వాడు నేల చూస్తూ, "దాని మీద త్రికోణం లేదు సార్," అన్నాడు.

డాక్టరుకు ఆ మాట అర్థం కాలేదు. ఏం త్రికోణం అని అడిగాడు. నాకు అర్థమైంది. వాడిని కొట్టాలని వచ్చిన కోపం ఆ మాటతో పోయి, సీసా మీదికి మళ్లింది. పురుగు మందు అమ్మేవాడు కనీసం ఒక మూలన ఎర్ర రంగు పూసి అమ్ముతాడు. వీళ్లు క్రిములను చంపే మందుకు లేత ఆకు బొమ్మ వేసి, మొక్కలకు గాలి అని చెప్పి, ఇండ్లలోకి పంపుతున్నారు. థూ.

"ఈమె ఊపిరితిత్తులు దీన్ని ఇగ యాది పెట్టుకుంటయి. మల్ల జరంత వాసన తగిలినా ఇదే పని అయితది. ఇంట్ల ఉంచకుండ్రి," అన్నాడు డాక్టరు.

సద్దుల బతుకమ్మ నాడు ఆమె దవాఖాన మంచం మీదే ఉంది. కిటికీలోంచి పాటలు వినబడ్డాయి. మాట్లాడే ఓపిక రాగానే అడిగింది ఒకటే.

"చేప ఉన్నదా?"

నాకు తెలియదు. ఆ గోలలో దాన్ని ఎవరు చూశారు? ఇంటికి పోయి చూస్తే, సగం నీళ్లలో పైపైనే తేలుతూ, ఒళ్లంతా తెల్లటి జిగురు కమ్మి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఇంకో చేప అయితే ఎప్పుడో పోయేది. పైగాలి తాగే జాతి కాబట్టి మిగిలింది. దాన్ని తీసి బకెట్లో బోరు నీళ్లలో వేశాను. ఉప్పు నీళ్లే మేలు.

సీసా తీసుకుని నేనూ కొడుకూ దుకాణానికి పోయాం. ఆయన సీసాను చేతిలోకి కూడా తీసుకోలేదు.

"డోసు ఎక్కువ చేసిండ్రు సార్. తక్కువ పోస్తే ఏం గాదు. మా దగ్గర మస్తుమంది వాడుతరు."

"తక్కువ విషమని రాసి అమ్ముతున్నవా మరి?" అన్నాను.

"విషం అంటరేంది పెద్దమనిషీ! గట్లయితే వాసన రాని కంపెనీది ఇంకోటి ఉన్నది, జూపెట్టాల్నా?"

దుకాణం మెట్ల మీదే ఉమ్మేసి వచ్చాను. సీసాను మోరీలో పోయబుద్ధి కాలేదు, మొక్కల్లో పోయబుద్ధి కాలేదు. ఊరికి పోయినప్పుడు పట్టుకుపోయి, చేనుకొట్టంలో పాత పురుగు మందు డబ్బాల పక్కన పెట్టి తాళం వేశాను. మూత మీద నెయిల్ పాలిష్‌తో ఎర్ర త్రికోణం గీసి ఇచ్చింది కోడలు.

నా భార్య ఇంటికి వచ్చిన రోజు కోడలు పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టింది. తడిగుడ్డలో చుట్టి ఉంచిన గునుగు, వాడిన తంగేడు.

"పేర్చు అత్తమ్మా. పూలది తప్పు గాదు."

"పండుగ అయిపోయినంక పేరుస్తరే ఎవలన్న?"

"మనం పేరుస్తం."

గుప్పెడంత బతుకమ్మ పేర్చింది. దగ్గు రాలేదు.

తొట్టి మళ్లీ నింపారు. ఈసారి బోరు నీళ్లు. పెద్దవంగర నాచు ఒక వేరు ముక్క మిగిలి ఉంటే చిగురేసింది. పాచి కూడా తిరిగి వచ్చింది, ముందుకంటే దట్టంగా. దసరాకు పిలిచిన ఆఫీసాయన ఒకడు మొన్న వచ్చి, "ఏందన్నా, ఇంట్లనే చెరువు పెట్టినవ్?" అన్నాడు. మా వాడి మొహం మాడింది. కానీ ఏమీ పోయలేదు. "ఉండనియ్యి," అన్నాడు.

నేను పొద్దున లేచి పాత బనీను గుడ్డతో, ఆమె కుర్చీకి ఎదురుగా ఉన్న అద్దాన్ని అరచేయి మేర తుడుస్తాను. మిగతాది పచ్చగానే వదిలేస్తాను. ఆమె అందులోంచి చూస్తుంది. కొర్రమట్ట ఇప్పుడు జానెడైంది, ఒంటి మీద మచ్చ ఒకటి పోలేదు. పైకి వచ్చి గుటక వేసి పోతుంది. ఆమె దాన్ని చూస్తుంటే నేను వెనక నిలబడి చెవి పెడతాను. పిల్లికూత సన్నగా వినబడుతుంది. విని, చాయ్ పెట్టడానికి పోతాను.